ఆ నైట్ డ్యూటీ సిస్టర్ గారికి థాంక్స్

ఆపరేషన్ అయ్యి నిన్నటికి నెల. ఫోన్ చేసి అడిగినవాళ్ళందరికీ చాలా థాంక్స్ అండి, కానీ ఈ పోస్ట్ అసలు ఒక సిస్టర్ గారి కోసం, పేరు కూడా అడగలేదు నేను.

తొమ్మిదేళ్ళ నుంచి ఏ డాక్టర్ దగ్గరకెళ్ళినా నా నోట్లోంచి వచ్చేది ఒక్కటే మాట, "కడుపునొప్పండి". నొప్పి పదికి ఎంత అని అడిగితే, పది అంటే నాటకాలు అనుకుంటారేమో అని ఆరు అనేదాన్ని. పక్కన మావగారు ఉంటే అది కూడా రాదు. స్కానింగ్ నార్మల్, మాత్రలు రాసి "పిల్లలు పుడితే అదే తగ్గుతుందమ్మా" అని పంపేసేవాళ్ళు. పాప పుట్టింది, నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు.

పోయినేడాది ఓ రాత్రి తట్టుకోలేక ఇంజక్షన్‌కి వెళ్తే ఆ సిస్టర్ గారు మా ఆయన్ని మందులు తెమ్మని బయటికి పంపేసి "ఇప్పుడు చెప్పు, మీ అమ్మతో ఎలా చెప్తావో అలా" అన్నారు. అంతే, ఒక్కసారిగా వచ్చేసింది, తడిబట్ట పిండినట్టు లోపల మెలిపెడుతుందండీ, తొడల్లోకి గుంజుతుంది, డేట్‌కి నాలుగు రోజుల ముందు నుంచే నడుం సలుపు, ఆ రోజుల్లో దొడ్డికి కూర్చుంటే వెనక కత్తి దించినట్టు ఉంటుంది అని. "ఈ చివరిది డాక్టర్‌కి చెప్పావా?" అన్నారు. సిగ్గుతో ఎప్పుడూ చెప్పలా. "ఇవే మాటలు ఏ రోజువి ఆ రోజు రాసుకో, అది పట్టుకెళ్ళు" అన్నారు.

వంటింట్లో పాల ప్యాకెట్లు రాసుకునే క్యాలెండర్‌లోనే రాశా. నాలుగు నెలల కాగితాలు చింపి చుట్టి కొత్త డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్తే (అర లీటరు, లీటరు లెక్కలు చూసి నవ్వారు లెండి) ఆవిడ వేలు పెట్టి గడి గడీ చదివారు. ఎమ్మారై తీయించారు, తర్వాత లాప్రోస్కోపీ, అంటే పొట్టకి చిన్న గాట్లు పెట్టి కెమెరాతో చూసి చేసే ఆపరేషన్. ఎండోమెట్రియోసిస్ అట. గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట పెరిగి, నాకు ఎడమవైపు అండాశయం పేగుకి అతుక్కుపోయింది, అందుకే దొడ్డికెళ్తే ఆ నొప్పి. మామూలు స్కానింగ్‌లో చాలాసార్లు దొరకదంట. పీరియడ్స్ వచ్చే వయసువాళ్ళలో దాదాపు పదిమందికి ఒకరికి ఉంటుందంట, నేనేమో ఆ పేరే మొదటిసారి వినడం.

మొత్తం పోలేదు, మళ్ళీ రావచ్చన్నారు, రోజూ మాత్ర ఉంది. సిస్టర్ గారికి చెబుదామని స్వీట్ ప్యాకెట్ పట్టుకెళ్తే ఊరు మారిపోయారన్నారు, అది అక్కడి ఆయమ్మలకే ఇచ్చొచ్చా. ఎవరికైనా తెలిస్తే ఈ పోస్ట్ ఆవిడకి చూపించండి. తడిబట్ట పిండినట్టు అన్న అమ్మాయి అంటే గుర్తుపడతారు.