పాస్‌వర్డ్ అడిగితే పండగ శుభాకాంక్షలు పంపిన కంపెనీకి

మిర్యాలగూడ,
14 ఏప్రిల్ 2025

బ్రాంచ్ మేనేజర్ గారికి, విదేశీ చదువుల కన్సల్టెన్సీ, దిల్‌సుఖ్‌నగర్. (మీ పేరు ఎంతమందిని అడిగినా చెప్పలేదు. అందుకే హోదాతో సరిపెడుతున్నాను.)

విషయం: మా అమ్మాయి అమెరికా కాలేజీ దరఖాస్తు, మీ ఆఫీసు మౌనవ్రతం.

అయ్యా,

ఈరోజు అంబేద్కర్ జయంతి. సెంటర్‌కు సెలవు కాబట్టి ఈ ఉత్తరం రాయడానికి తీరిక దొరికింది. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎన్ని గుడ్లు ఉడికించాం, ఏ గర్భిణి పాలు తాగకుండా వెళ్లిపోయింది, అన్నీ రిజిస్టర్లో రాసుకునే ఉద్యోగం నాది. ఆ అలవాటు కొద్దీ మీ ఆఫీసుతో మాట్లాడిన ప్రతిసారీ తేదీ, టైము, ఎవరు ఏం చెప్పారు అన్నీ రాసిపెట్టుకున్నాను. పాత రిజిస్టర్లో పదకొండు పేజీలు నిండాయి. కాబట్టి "మా సిస్టమ్‌లో మీ కాల్ రికార్డు కనిపించట్లేదు మేడమ్" అనే మాట ఈసారి వద్దు. నా సిస్టమ్‌లో కనిపిస్తోంది.

జరిగిన తప్పు చిన్నదే, రెండు మాటల్లో చెప్తాను. మా అమ్మాయి ఎనిమిది కాలేజీలకు పెట్టుకున్న దరఖాస్తులో "ఆర్థిక సాయం కోరుతున్నారా" అనే ప్రశ్నకు మీవాళ్లు అన్నిచోట్లా "నో" అని టిక్ పెట్టారు. నా గౌరవ వేతనం నెలకు 13,650 రూపాయలు. మా ఆయన రైస్ మిల్లులో హమాలీ. మేం సాయం వద్దనుకున్నామని మీకు ఎలా తోచిందో నాకు ఇప్పటికీ తెలియదు. చివరి ఫారం చదువుకోకుండా పంపనిచ్చింది కాబట్టి మా అమ్మాయిది కూడా కొంత తప్పుంది. ఒప్పుకుంటాను. తప్పులు ఎవరికైనా జరుగుతాయి. సెంటర్లో నేను కూడా అప్పుడప్పుడు గుడ్ల లెక్క తప్పుతాను. కానీ సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే ఎత్తుతాను.

జనవరి 17న మీరు పంపిన పీడీఎఫ్‌లో మా అమ్మాయి ఆ "నో" చూసింది. అప్పటికి ఇంకా మించిపోలేదు. కొన్ని కాలేజీల్లో సాయం కాగితాలకు ఫిబ్రవరి 1 దాకా గడువుంది. దరఖాస్తుకు వాడిన మెయిల్ మీరే తెరిచారు, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది, ఓటీపీ మీ ఆఫీసు ఫోనుకే వస్తుంది. ఆ "నో" మార్చమని మా అమ్మాయి తన సొంత మెయిల్ నుంచి కాలేజీలకు రాస్తే, దరఖాస్తులో ఉన్న మెయిల్ నుంచే రాయమన్నారు. మాకు కావలసింది ఒక పాస్‌వర్డ్. డబ్బు కాదు, క్షమాపణ కాదు.

ఇక అక్కడి నుంచి మీ కస్టమర్ కేర్ మహత్యం వినండి.

జనవరి 17 సాయంత్రం: జూలైలో డబ్బు కట్టించుకున్నప్పుడు "అక్కా, మీ అమ్మాయి నా చెల్లెలు అనుకోండి" అన్న కౌన్సెలర్‌కు ఫోన్ చేశాను. ఆమె డిసెంబర్‌లోనే మానేసిందట. మంచిదే, ఎక్కడున్నా చల్లగా ఉండాలి. మా ఫైలు ఎవరికి అప్పగించి వెళ్లిందంటే ఎవరూ చెప్పలేదు.

జనవరి 20: కొత్త కౌన్సెలర్ దొరికాడు. "ఆంటీ, జీఆర్‌ఈ స్కోరెంత?" అని మొదలుపెట్టాడు. అది ఎంఎస్‌కు వెళ్లేవాళ్లు రాసే పరీక్షట. బాబూ, మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, డిగ్రీకి పెట్టుకుంది అన్నాను. "ఓకే ఆంటీ, బీటెక్ బ్యాక్‌లాగ్స్ ఉన్నాయా?" అన్నాడు. నాలుగు నిమిషాల పాటు నేను ఇంటర్ అంటాను, అతను బీటెక్ అంటాడు. చివరికి నలభై లక్షల బ్యాంకు బ్యాలెన్స్ చూపించాలి, లేకపోతే తామే ఏర్పాటు చేస్తామన్నాడు. నేను అడిగింది పాస్‌వర్డ్.

జనవరి 25: సెలవు పెట్టి మీ ఆఫీసుకే వచ్చాను. మూడున్నర గంటల బస్సు. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి జీరో టికెట్ ఉంది కాబట్టి బతికిపోయాను, లేకపోతే మీ మెట్లెక్కి దిగడానికే ఇంకో లోన్ తీసుకోవలసి వచ్చేది. మొత్తం నాలుగుసార్లు తిరిగాను. నాలుగుసార్లూ సార్ మీటింగ్‌లోనే ఉన్నారు. మొదటిసారి పదకొండున్నర నుంచి మూడింటి దాకా కూర్చున్నాను. ఆ మీటింగ్ గది అద్దాల్లోంచి కనిపిస్తుందండీ. లోపల ఎవరూ లేరు.

రిసెప్షన్‌లోని అమ్మాయిని ఏమీ అనను. ఆమె ఒక్కతే మంచినీళ్లిచ్చింది. "మేడమ్, మాకు కూడా లోపలివాళ్లు ఫోన్ ఎత్తరు" అని మెల్లగా చెప్పింది. ఈ ఉత్తరం చూసి ఆమె ఉద్యోగం తీసేయకండి, మీ ఆఫీసులో నిజం చెప్పేది ఆ పిల్ల ఒక్కతే.

జనవరి 28: వాట్సాప్‌లో రాయమన్నారు కదా అని రాశాను. అక్కడ మనిషి లేడు, మర ఉంది. ఎంఎస్ కోసం 1 నొక్కండి, ఎంబీఏ కోసం 2, ఎడ్యుకేషన్ లోన్ కోసం 3. ఇంటర్ చదివే హమాలీ కూతురికి నంబర్ లేదు. అటూ ఇటూ చూసి 3 నొక్కాను. పది నిమిషాల్లో మనిషి ఫోన్ చేశాడు! లోన్ అనేసరికి మీ కంపెనీలో మనుషులు పుట్టుకొస్తారని ఆరోజు తెలిసింది. పాస్‌వర్డ్ మాట ఎత్తగానే "అది వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్" అని పెట్టేశాడు.

ఫిబ్రవరి 1 వచ్చింది, పోయింది. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదు. రెండు రోజుల్లో ఇంటర్ ప్రాక్టికల్స్.

ఫిబ్రవరి 6: మీ సీనియర్ సార్ ఎట్టకేలకు ఫోన్‌లో దొరికారు. "ఆంటీ, ఎయిడ్ అడిగితే సీటు రాదు. మీ మంచికే నో పెట్టించాం" అన్నారు. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదని తర్వాత తెలుసుకున్నాను. విదేశీ పిల్లలు సాయం అడిగితే సీటు ఇచ్చేముందు ఆ లెక్క కూడా చూసే కాలేజీలు చాలానే ఉన్నాయి. కానీ హార్వర్డ్, యేల్, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ లాంటి కొన్ని ఆ లెక్క చూడవు. సీటు ఇచ్చాక ఎంత అవసరమైతే అంత సాయం చేస్తాయి. మా అమ్మాయి లిస్టులో అలాంటివి ఉన్నాయి, అవి ఉన్నందుకే కదా మేం ఈ సాహసానికి దిగింది! అయినా సాయం లేకుండా వచ్చిన సీటును మేం ఏం చేసుకోవాలి, ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకోవాలా? ఇదే అడిగితే సార్ గారికి వేరే కాల్ వచ్చింది.

ఈ విషయాలు నాకు మీ దగ్గర తెలియలేదు. అమెరికా ప్రభుత్వం తరఫున పనిచేసే ఎడ్యుకేషన్‌యూఎస్‌ఏ సలహా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. ఎవరో చెబితే వెళ్లాం. పైసా తీసుకోకుండా అరగంట కూర్చోబెట్టి, మిల్లు వాళ్ల దగ్గర జీతం లెటర్ ఎలా రాయించుకోవాలో కూడా చెప్పారు. మీకు కట్టిన డబ్బుకు మాకు ఒక పెన్ను, ఒక ఫైలు కవర్ వచ్చాయి.

ఫిబ్రవరి 11న పాస్‌వర్డ్ వచ్చింది. ఇరవై ఐదు రోజులు. ఎనిమిది అక్షరాలు. లెక్కేస్తే అక్షరానికి మూడు రోజులు.

ఆ మర్నాడే మీ దగ్గరి నుంచి మెసేజ్: "మీ టికెట్ పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" టికెట్ అంటే నా ఫిర్యాదట.

మార్చి నెలాఖరులో ఫలితాలు వచ్చాయి. ఏడు కాలేజీలు కాదన్నాయి. ఒక్కటి సీటిచ్చింది. ఏడాదికి దాదాపు 90 వేల డాలర్లు కట్టి చేరమంది. సాయం అడిగితే, విదేశీ విద్యార్థులు దరఖాస్తు రోజున అడగకపోతే తర్వాత అడగడానికి వీల్లేదని మర్యాదగా రాశారు. వాళ్ల రూలు వాళ్లది, వాళ్ల మీద నాకు కోపం లేదు. కనీసం జవాబైనా రెండు రోజుల్లో ఇచ్చారు.

ఉగాది రోజు పొద్దున పచ్చడి కలుపుతుంటే మా చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, బిడ్డ ఫోటో చూశావా?" అంది. మీ కంపెనీ ఉగాది పోస్టర్. మధ్యలో మా అమ్మాయి హాల్ టికెట్ ఫోటో, కింద "మా విద్యార్థిని, మా గర్వకారణం." మూడు నెలలుగా మా ఫోన్ ఎత్తని కంపెనీకి మేం గర్వకారణమయ్యాం! అరవై ముగ్గురు బంధువులు, ఊరివాళ్లు శుభాకాంక్షలు చెప్పారు. ప్రతి ఒక్కరికీ "వెళ్లట్లేదు" అని చెప్పుకోవలసి వచ్చింది. ఈ ఏడాది పచ్చడిలో వేపపువ్వు వేయకపోయినా సరిపోయేది.

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాదండీ. మా అక్క కొడుకు 2019లో మీ ద్వారానే ఎంఎస్‌కు వెళ్లాడు. ఆ నమ్మకంతో మా సెక్టార్‌లో ఇద్దరు టీచర్ల పిల్లల్ని మీ దగ్గరికి పంపాను. అందుకు మీరు గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. అది ఇంకా నడుస్తోంది. మీ కంపెనీ నుంచి వచ్చినవాటిలో టైముకు పనిచేసేది అదొక్కటే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మా అత్త ఊరికే అనలేదు. రెండో వాయిదా 25 వేలు కట్టేదాకా నేను "అక్క"ని. ఆ తర్వాత "ఆంటీ"ని. ఇప్పుడు టికెట్ నంబర్‌ని.

డబ్బు మాట కూడా అనేస్తాను. మహిళా సంఘంలో లోన్ తీసుకుని ప్యాకేజీకి 65 వేలు కట్టాను. అది కాక సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆర్థిక సాయం ఫారానికి 12 వేలు విడిగా తీసుకున్నారు. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16, మిగతాది ఛార్జీలు అని మీరే లెక్క చెప్పారు. లెక్క సరిగ్గానే ఉంది. ఒకటే సందేహం. సాయం వద్దని టిక్ పెట్టిన పిల్లకు సాయం ఫారం ఎక్కడ నింపారు? రసీదు చూపించండి. నాకు తెలిసి అలాంటిది లేదు.

ఇంతకీ నాకేం కావాలంటారా? ఆ పోస్టర్ తీసేయండి, అది మొదటిది. ఆ 12 వేల లెక్క తేల్చండి. ప్యాకేజీ డబ్బు సంగతి మీ మనస్సాక్షికి వదిలేద్దామనుకున్నాను, కానీ అది కూడా మీటింగ్‌లో ఉంటుందేమోనని అనుమానం, కాబట్టి అదీ వెనక్కివ్వండి. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక కాగితం. మీ లెటర్‌హెడ్ మీద, ఆ మెయిల్, పాస్‌వర్డ్ ఫిబ్రవరి 11 దాకా మీ దగ్గరే ఉన్నాయని, "నో" పెట్టింది మీ ఆఫీసేనని రాసి సంతకం చేయండి. సీటిచ్చిన కాలేజీకి మే 1లోగా జవాబు చెప్పాలి. ఆ కాగితం చూసి వాళ్లు మనసు మార్చుకుంటారని నాకు పెద్ద ఆశ లేదు. వచ్చే ఏడాది మళ్లీ పెట్టుకున్నప్పుడు మా అమ్మాయి చేతిలో అది ఉండాలి.

ఏప్రిల్ 25లోగా రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేం ఉన్న జిల్లాలోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు, లాయర్ కూడా అక్కర్లేదు. అప్పుడు బస్సెక్కి తిరిగేది నేను కాదు, మీరు. మీకు జీరో టికెట్ వర్తించదు.

అంబేద్కర్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారని మా అమ్మాయి పొద్దున పిల్లలకు చెప్తోంది. ఆయన ఫారం ఎవరు నింపారో గానీ, మీరు మాత్రం కాదు.

26వ తేదీ శనివారం మేమిద్దరం మీ ఆఫీసుకు వస్తున్నాం. రిజిస్టర్ తెస్తాను. సార్ మీటింగ్‌లో ఉంటే ఆ అద్దాల గదిలోనే కూర్చుంటాం, సద్ది కట్టుకునే వస్తున్నాం.

ఇట్లు,
అంగన్‌వాడీ టీచర్, మిర్యాలగూడ
(మీ భాషలో: పరిష్కరించబడిన టికెట్)

తా.క.: ఈ ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. అందుకున్నట్టు సంతకం రిసెప్షన్ అమ్మాయితో పెట్టించకండి, మీరే పెట్టండి.