క్వారీ బురద మా చెరువుకి

సంపాదకులు గారికి,

మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఊరి పైన గుట్ట మీద గ్రావెల్ క్వారీ మొదలయ్యాక వాన పడిందంటే చాలు మాకు టెన్షన్. తవ్విన గోతుల్లోంచి నీరు ఎర్రగా, చిక్కటి టీలా దిగి చెరువులో కలుస్తోంది. మొన్న మా నారుమడి మీద వేలు మందాన బురద పేరింది, కడిగి చూస్తే ఆకులన్నీ పసుపుపచ్చ.

క్వారీ వద్దని నేననను, మా రోడ్లకూ ఆ గ్రావెలే కావాలి కదా. కానీ గుట్ట పైనుంచి వచ్చే తేట నీరు గోతిలోకి దిగకుండా చుట్టూ కాలువ తీసి పక్కకు మళ్లించాలి, లోపలి బురద నీరు పల్లంలో గుంట తవ్వి నిలపాలి. ఇసుక తొందరగానే అడుక్కి చేరుతుంది, సన్నటి బంకమట్టి మాత్రం రోజుల తరబడి తేలుతూనే ఉంటుంది, అందుకే గుంట పెద్దదిగా ఉండాలి. ఇక్కడున్నదేమో గేదె పడుకుంటే నిండిపోయేంత! పైగా నిరుటి పూడిక అలాగే ఉంది.

తీసిన పైమట్టిని వాలు అంచునే పోశారు. దానిమీద వట్టివేరు నాటినా కొంత ఆగేది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు మా గజపతి జిల్లాలో కొండచరియలు జారడం చూసినవాళ్లం, ఆ వదులు మట్టికుప్పను చూస్తే రాత్రి నిద్ర పట్టదు.

ఐదు హెక్టార్లలోపు క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఆ కాగితంలో కాలువ అని రాసి ఉంటే అది ఎక్కడుందో అధికారులు వచ్చి చూపించాలి, ఎండాకాలంలో కాదు, వాన కురుస్తుండగా.

- ఒక రైతు, గజపతి జిల్లా