కొత్త డబ్బాలు సరే, అప్‌డేట్లు వేసేదెవరు?

సంపాదకులకు,

పది రోజుల కింద మన జిల్లా పేజీలో ఆఫీసుల్లోని పాత కంప్యూటర్ల మీద వార్త వచ్చింది. కొత్తవి రాగానే ఇబ్బంది తీరుతుందని అందులో ఉంది. తీరదు. అప్పటి నుంచి మనసు ఊరుకోక ఇప్పుడు రాస్తున్నాను.

పోయిన నెల మా తమ్ముడి పట్టాదారు పాసుపుస్తకం పని మీద ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను. అక్కడ ఒక కంప్యూటర్ మీద ఇంకా విండోస్ 7 అనే పాత సిస్టమే నడుస్తోంది. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తోనే భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. పక్క సీటులో విండోస్ 10. దాని గడువూ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తర్వాత కూడా అప్‌డేట్లు కావాలంటే పొడిగింపు తీసుకోవాలి. తీసుకున్నారా అని అడిగితే, "మాకేం ఎరుక సార్, ఇచ్చిన దాని మీద పని చేస్తున్నం" అన్నాడు ఆపరేటర్ పిల్లవాడు. అతన్ని తప్పుపట్టను. కానీ మా ఆధార్, బ్యాంకు పుస్తకం, సర్వే నంబర్లు అన్నీ ఆ డబ్బాలోకే పోయాయి. మానిటర్ అంచున పాస్‌వర్డ్ చీటీ అంటించి ఉంది. జిరాక్స్ షాపు నుంచి ఎవరు పెన్‌డ్రైవ్ తెచ్చినా అందులోనే గుచ్చుతున్నారు.

2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లకే తాళం పడింది. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్‌గా అతుకు ఇచ్చింది. రెండు నెలలైనా వేసుకోని చోటల్లా దెబ్బ తగిలింది.

ఇప్పుడు విండోస్ 11 వేద్దామంటే కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా మరీ పాతది కాకూడదు. షాపుల వాళ్లు అడ్డదారిలో ఎక్కిస్తారు. అలా ఎక్కించిన కంప్యూటర్లకు అప్‌డేట్లు వస్తాయన్న పూచీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. మరి అది ఎక్కించి ఏం లాభం?

విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత సిస్టం వేస్తే సరిపోతుందని, దానికి వైరస్ రాదని కొందరు ఉద్యోగ మిత్రులు అంటారు. లైనక్స్ అంటే నాకు ఇష్టమే. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా అదే నడుస్తోంది. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ వాళ్లు బాస్ లైనక్స్ తయారుచేశారు. పాత కంప్యూటర్ మీదా నడుస్తుంది, లైసెన్సు ఖర్చు లేదు. కానీ 2024 మార్చిలో లైనక్స్‌లో వాడే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీరు అనుమానపడబట్టి బయటపడింది. ఉబుంటు అనే లైనక్స్ రకానికీ గడువు ఉంటుంది, 20.04కు మామూలు సపోర్టు 2025 మేలో ఆగింది. వేలిముద్ర యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్ లైనక్స్ మీద పనిచేస్తాయో లేదో ముందే చూసుకోవాలి. చూసుకోకుండా మారిస్తే, వారం తిరగకముందే మళ్లీ లైసెన్సు లేని క్రాక్ విండోస్ ఎక్కిస్తారు.

అప్‌డేట్లనైనా కళ్లు మూసుకుని వేసేయరాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ వాళ్ల ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేతితో రాసిచ్చారు. ముందు రెండు మూడు కంప్యూటర్ల మీద చూసి, తర్వాత మిగతా వాటికి వేసే మనిషి కావాలి. ఏ సిస్టం వేసినా ఆ మనిషి లేకపోతే కష్టమే. మన దగ్గర లేనిదే ఆ మనిషి.

అన్నిటిలో ఇదే వరస. బోరు వేసేనాడు కొబ్బరికాయ కొడతారు, మోటారు కాలిననాడు పలికేవాడు ఉండడు. బడికి కంప్యూటర్లు వస్తాయి, రెండేళ్లకు గదికి తాళం పడుతుంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ని, ఇది చూసి చూసి విసిగిపోయాను.

కొనే ముందే టెండర్‌లో మూడు సంగతులు రాయాలి: ఏ సిస్టం, దానికి అప్‌డేట్లు ఏ తేదీ దాకా వస్తాయి, అవి వేసే బాధ్యత ఎవరిది. ఆ కాగితం ఆఫీసు గోడ మీద అంటించాలి. మీ విలేకరి ఈసారి వెళ్లినప్పుడు కొత్తవి ఎన్ని వస్తున్నాయని కాక, ఆ తేదీ ఏమిటని అధికారులను అడిగి రాయగలరు.

- ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, నల్గొండ