జీతం కార్డు కార్మికుడి చేతిలోనే ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గల్ఫ్ దేశాల్లో జీతాల చెల్లింపు ఇప్పుడు ప్రభుత్వాల కనుసన్నల్లో జరుగుతోందని, పాత రోజుల్లోలా ఎగ్గొట్టడం కుదరదని చాలామంది నమ్ముతున్నారు. మెట్‌పల్లిలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుతూ, గల్ఫ్ కుటుంబాల ఫిర్యాదులను విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్‌లో ఎక్కించే నాకు మాత్రం ఆ నమ్మకం లేదు. కారణం జీతం కార్డు.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2009లో వేతన రక్షణ వ్యవస్థను తెచ్చింది. 2013లో సౌదీ, 2015లో ఖతార్ అదే బాట పట్టాయి. కంపెనీ ఎవరికెంత జీతం వేసిందీ అక్కడి కార్మిక శాఖకు తెలిసే ఏర్పాటు ఇది. నెలల తరబడి జీతమివ్వకుండా తిప్పుకునే కంపెనీలకు కొంత భయం పుట్టిన మాట నిజమే. అయితే నెలకు వెయ్యి, పన్నెండు వందల దిర్హమ్‌లు (ఎమిరేట్స్ డబ్బు) సంపాదించే కూలీకి అక్కడ చాలా బ్యాంకులు ఖాతా తెరవవు. కాబట్టి ఎమిరేట్స్‌లో ఎన్నో కంపెనీలు ఒక ప్రీపెయిడ్ కార్డు తీసి ఇస్తాయి. అదే ఈ జీతం కార్డు. అందులో డబ్బు వేసేది కంపెనీ. పోతే కొత్తది తెప్పించేది కంపెనీ. డబ్బు పడినట్టు ఏ ఫోను నంబరుకు మెసేజ్ వెళ్లాలో రాసిచ్చేది కూడా చాలాచోట్ల కంపెనీయే.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని పరిస్థితి ఇక్కడే మొదలవుతుంది. కొన్ని క్యాంపుల్లో కార్డులన్నీ సూపర్‌వైజర్ దగ్గరే ఉంటాయి, పిన్ నంబర్లతో సహా. జీతం రోజున ఒకే మనిషి కార్డుల కట్టతో ఏటీఎంకు వెళ్లి అందరి డబ్బూ తీస్తాడు. ఒప్పందంలో ఉన్న మొత్తం కార్డులో పడుతుంది. భోజనం కింద, వీసా ఖర్చు కింద, ఇంకేదో కింద పట్టుకుని మిగిలింది చేతిలో పెడతారు. పాస్‌పోర్టు దాచుకోవడం ఆ దేశాల చట్టాల ప్రకారమే తప్పు, అయినా దాచుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు దాని పక్కన ఈ కార్డు కూడా చేరింది. ఇక ఫిర్యాదు చేస్తే ఏమవుతుంది? రికార్డు తీసి చూస్తారు. జీతం పూర్తిగా చెల్లించినట్టు అందులో ఉంటుంది. కార్మికుణ్ని కాపాడడానికి పుట్టిన రికార్డే అతని మీద సాక్ష్యం చెబుతుంది. ఇంతకన్నా అన్యాయం ఏముంది?

కార్డు తన దగ్గరే ఉన్నవాడి కష్టం వేరు. బయటి ఏటీఎంలో తీస్తే కోత, కొన్ని కార్డులకు నిల్వ చూసుకున్నా కోత, మెసేజ్‌లకు నెలనెలా కోత. మిషను పెద్ద నోట్లే ఇస్తుంది కాబట్టి చిల్లర ప్రతి నెలా లోపలే ఉండిపోతుంది. పది దిర్హమ్‌లు మనకు చిన్నవిగా కనిపించవచ్చు, ఎండలో ఇనుము మోసేవాడికి అది ఒక పూట తిండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది తిరిగి వచ్చేసినవాళ్ల సంగతి. ఈమధ్య మా సెంటర్‌కు ఒక తమ్ముడు వచ్చాడు. వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు. చివరి నెల జీతం, గ్రాట్యుటీ కార్డులో వేస్తామన్నారు. వేశారు కూడా. కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. దాని మీద కంపెనీ పేరుంది, పదహారు అంకెలున్నాయి, అతని పేరు మాత్రం లేదు. ఇక్కడి ఏటీఎం దాన్ని తీసుకోలేదు. కార్డు వెనకాల ఉన్న ఉచిత నంబరు ఇక్కడి ఫోన్ల నుంచి కలవలేదు. యాప్‌లో చూద్దామంటే ఓటీపీ అక్కడి సిమ్‌కు పోతుంది, ఆ సిమ్ వీసాతోపాటే ఆగిపోయింది. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో బకాయిలన్నీ ఇచ్చేయాలని ఎమిరేట్స్ 2021 కార్మిక చట్టం చెబుతోంది. ఆ లెక్కన అతనికి అన్నీ ఇచ్చేసినట్టే!

ఇది ఒక్క గల్ఫ్ సమస్యే కాదు. జీతాన్ని కార్డులోనే తీసుకోవాలని యజమాని నిర్బంధించడం మీద అమెరికాలోనూ గొడవ జరిగింది. ప్రత్యామ్నాయం చూపకుండా కార్డును అంటగట్టకూడదని అక్కడి వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2013లో యజమానులకు గుర్తుచేసింది. పెన్సిల్వేనియాలో ఒక ఆహారశాల కార్మికులు కోర్టుకెక్కి గెలిచారు. ఆ తర్వాత 2016లో, కార్మికుడు ఒప్పుకుంటేనే కార్డు అని ఆ రాష్ట్రం చట్టం చేసింది. అక్కడివాళ్లకు ఉన్న ఆ హక్కును మన పిల్లల కోసం మన ప్రభుత్వం ఎందుకు అడగకూడదు?

విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవారి కోసం కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదయ్యే ప్రతి ఒప్పందంలోనూ జీతం కార్మికుడి అదుపులో ఉన్న ఖాతాకో కార్డుకో పడాలని, ఉద్యోగం ముగిశాక మిగిలిన మొత్తాన్ని అతని భారతీయ బ్యాంకు ఖాతాకు పంపాలని షరతు ఉండాలి. కంపెనీ మనుషులు కార్డు దగ్గర పెట్టుకున్నారని ఫిర్యాదు వస్తే రాయబార కార్యాలయం దాన్ని పాస్‌పోర్టు దాచినంత తీవ్రంగా తీసుకోవాలి. మదద్‌లో కూడా దీనికి విడిగా ఒక విభాగం కావాలి. ఇప్పుడు మేము జీతం రాలేదని రాస్తే, వచ్చిందని జవాబు తెప్పించి ఫైలు మూసేస్తున్నారు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో గల్ఫ్ కార్మికుల ఫిర్యాదులు వినే ప్రవాసీ ప్రజావాణి నడుపుతున్న రాష్ట్ర ప్రభుత్వం కూడా ఇలా కార్డుల్లో చిక్కుకున్న డబ్బు లెక్కను జిల్లాలవారీగా సేకరించి కేంద్రం ముందు పెట్టాలి.

ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో ఈ విషయానికి ఒక గంట కేటాయించినా ఎంతో మేలు. అప్పటిదాకా, ఇంట్లో ఎవరైనా గల్ఫ్ బయలుదేరుతుంటే దయచేసి ఈ నాలుగు మాటలు చెప్పి పంపండి: కార్డు వచ్చిన రోజే పిన్ మార్చుకోవాలి, మెసేజ్ సొంత నంబరుకే వచ్చేలా రాయించుకోవాలి, ప్రతి నెలా ఏటీఎం రసీదు ఫోటో తీసి ఇంటికి పంపాలి, చివరి లెక్క చేతికో మన బ్యాంకు ఖాతాకో వచ్చేదాకా వీసా రద్దు కాగితాల మీద అంతా ముట్టినట్టు సంతకం పెట్టకూడదు.

ఇట్లు,
ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు,
మెట్‌పల్లి, జగిత్యాల జిల్లా
(పేరు ప్రచురించవద్దని మనవి)