మధుగాడికి, హూవర్ సంగతి

ఒరేయ్ మధూ,

ఎట్లా ఉన్నావ్ రా? చెల్లెమ్మ, పాప బాగున్నారా? మొన్న ఫోన్లో "పాత వాక్యూమ్ క్లీనర్ బాగుచేసుడేంది రా, కొత్తది కొనుక్కోక" అని అడిగావ్, పాప ఏడుస్తోందని పెట్టేశావ్. అది ఫోన్లో తేలే సంగతి కాదులే. ఇవాళ ఆదివారం, ఇంట్లో అందరూ పెళ్ళికి పోయారు, తీరిగ్గా మొత్తం రాస్తున్నా. కొంచెం పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

జుమేరాత్ బజార్లో దొరికింది. పురానాపూల్ దగ్గర గురువారం పూట నేల మీద పరుస్తారు చూడు, చిన్నప్పుడు సైకిల్ సామాన్లకి పోయేవాళ్ళం, అక్కడే. సికింద్రాబాద్ వైపు ఏదో పాత బంగళా ఖాళీ చేస్తే వచ్చిందని అమ్మేటాయన చెప్పాడు. నిలువుగా నిలబడి, పొడుగు పిడితో, పిడికి గుడ్డ సంచి వేలాడుతూ ఉండే రకం, హూవర్ జూనియర్. సంచి మీద ఎలుకలు కొట్టిన బొక్కలు, వైరు ముట్టుకుంటే పొడిపొడి, కిందికి వంగి చూస్తే బ్రష్ నిండా ఎవరిదో జుట్టు. అయినా తిప్పి వెనక ప్లేటు చూసేసరికి ఇంక వదలబుద్ధి కాలేదు. మేడ్ ఇన్ ఇంగ్లండ్, పెరివేల్, మిడిల్‌సెక్స్ అని ఉంది, దాని కిందే 240 వోల్టులు. అమెరికా మెషిన్ అయ్యుంటే వాళ్ళ కరెంటు వేరు కదా, వోల్టులు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడాలి. ఇంగ్లండ్‌ది అయితే మన ప్లగ్గుకి నేరుగా పెట్టేయొచ్చు. సంతలో ఇట్లాంటి పాత సామాను కనబడితే ముందు చూడాల్సింది ప్లేటేరా, రంగు తర్వాత.

పెరివేల్ అంటే మీ లండన్‌లోదే! మీ మెట్రో రైలు సెంట్రల్ లైన్‌లో స్టేషన్ కూడా ఉంది. హూవర్ వాళ్ళు 1930ల మొదట్లో వెస్టర్న్ అవెన్యూ మీద తెల్లగా రాజమహల్ మాదిరి ఫ్యాక్టరీ కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం టైంలో అక్కడే విమానాలకి ఎలక్ట్రికల్ సామాను కూడా చేశారు. ఎనభైల్లో ఫ్యాక్టరీ మూసేశారు, తర్వాత 1992లో వెనక టెస్కో సూపర్‌మార్కెట్ వచ్చింది, ముందు బిల్డింగ్‌లో ఇప్పుడు ఫ్లాట్లు ఉన్నాయి. నువ్వు ఆ రోడ్డు మీద ఎన్నోసార్లు పోయుంటావ్, ఈసారి ఆగి చూడు.

అసలు ఈ రకం మెషిన్ ఎట్లా పుట్టిందో తెల్సా? అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కాంటన్ అనే ఊళ్ళో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని ఒకాయన, ఒక దుకాణంలో రాత్రి పూట ఊడ్చే పని ఆయనది. ఆయాసం జబ్బు. ఊడుస్తుంటే లేచే దుమ్ముకి ఊపిరాడేది కాదు. ఫ్యాన్ మోటారు ఒకటి తీసుకుని, చీపురు కర్రని పిడిగా పెట్టి, దిండు గలీబుని సంచిగా కట్టి సొంతంగా ఒక మెషిన్ చేసుకున్నాడు, 1908లో పేటెంట్ వచ్చింది. విలియం హూవర్ అనే తోలు సామాన్ల వ్యాపారి కొనుక్కుని కంపెనీ పెట్టాడు. నేను దీన్ని విప్పుతున్నంతసేపూ ఆయనే గుర్తొచ్చాడు. ఆయన తర్వాత ఎన్నో ఏళ్ళకి చేసిన దీంట్లో కూడా లోపల అదే లెక్క, మోటారు, ఫ్యాన్, కర్ర, సంచి. మా నాన్నకి ఉన్న ఆయాసం నీకు తెల్సు కదా, అందుకేనేమో ఆ మనిషి కథ నాకు బాగా పట్టింది.

సరే పనిలోకి వస్తా. ఇంటికి తెచ్చి వెంటనే ప్లగ్గులో పెట్టొద్దు, ఇది మాత్రం ఎవరికైనా చెప్తా. పాత రబ్బరు వైరు పైకి బానే ఉన్నట్టు కనబడుతుంది గానీ లోపల ఇన్సులేషన్ రాలిపోయి ఉంటుంది, పైగా దీని ఒళ్ళంతా లోహం. ముందు వైరు మొత్తం పీకేశా. ట్రూప్ బజార్లో మంచి త్రీ కోర్ ఫ్లెక్సిబుల్ వైరు తెచ్చి ఎర్త్‌ని బాడీకి గట్టిగా బిగించా. ఇంట్లో ఆ లైనుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ముప్పై మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఎట్లాగూ ఉంది. లోపల ఒక కాయితం కెపాసిటర్ ఉంది, మెషిన్ ఆన్ చేస్తే రేడియోలో గరగర రాకుండా పెట్టేవాళ్ళు. ఇన్నేళ్ళకి అవి లీకవుతాయి, ఒక్కోసారి పేలతాయి కూడా. అది తీసేసి గుజరాతీ గల్లీలో మెయిన్స్ కరెంటుకి పనికొచ్చే సేఫ్టీ రకం, ఎక్స్2 అంటారు, అది కొని వేశా, చాలా చవక.

తర్వాత సీరీస్ బోర్డు. మీ నాన్నగారి షాపులో ఉండేది చూడు, వంద వాట్ల బల్బు పెట్టి, దాని ద్వారానే కరెంటు ఇచ్చేది. బల్బు ఫుల్లుగా వెలిగితే లోపల షార్ట్ ఉన్నట్టు, మందంగా వెలిగి మోటారు మెల్లగా కదిలితే బతికున్నట్టు. నాది మందంగా వెలిగింది, మోటారు కదలాలా వద్దా అన్నట్టు ఓ చుట్టు తిరిగి ఆగింది. మస్తు సంతోషమేసింది రా!

మోటారు మన మిక్సీలో ఉండే జాతే, ఏసీ అయినా డీసీ అయినా తిరిగే యూనివర్సల్ మోటార్. మధ్యలో తిరిగే ఆర్మేచర్, దాని చుట్టూ కదలకుండా ఉండే ఫీల్డ్ కాయిల్, ఆర్మేచర్‌కి రాసుకుంటూ కరెంటు అందించే రెండు కార్బన్ బ్రష్‌లు. అందుకే మన ఊళ్ళో దీనికి డాక్టర్లున్నారు. రాణిగంజ్ వెనక సందులో మోటార్లకి రాగి తీగ చుట్టే ఒక వైండింగ్ షాపు ఉంది, పొద్దున్నుంచి రాత్రి దాకా మిక్సీలు, డ్రిల్ మెషిన్లే. ఉస్తాద్ ముసలాయన. ఆర్మేచర్ చేతిలో పెట్టగానే కళ్ళద్దాలు పైకి తోసి కమ్యుటేటర్‌ని గోటితో గీరి చూశాడు. కమ్యుటేటర్ అంటే ఆర్మేచర్ చివర రాగి పలకలు గుండ్రంగా పేర్చి ఉంటాయి కదా, పలకకీ పలకకీ మధ్య సన్నటి మైకా పొర ఉంటుంది. ఏళ్ళ తరబడి కార్బన్ రాసుకుని రాగి అరిగిపోతుంది, మైకా అంత అరగదు, దాంతో మైకా అంచు పైకి తేలుతుంది. అప్పుడు బ్రష్ దాని మీద ఎగిరెగిరి పడుతుంది, ప్రతి ఎగురుకీ ఒక నిప్పురవ్వ. పలకలు నల్లబడేది అందుకే. ఆయన గోరు ఆ అంచుకి తగిలి టిక్ టిక్ మంటుంటే నాకూ వినబడింది. "వైండింగ్ బానే ఉంది, పాత తీగ కాల్చకు, కొత్తది కట్టకు, ఈ మైకా కోస్తే చాలు" అన్నాడు. లేత్ మీద రాగిని వెంట్రుకవాసి చెక్కాడు, తర్వాత సానబట్టి పల్చన చేసిన హాక్సా బ్లేడు ముక్కతో మైకా పొరల్ని ఒక్కొక్కటే కిందికి గీశాడు. నేను పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నా. ఒక్క గీత పక్క పలక మీదికి జారలేదు. అంత వయసులో చెయ్యి వణక్కుండా ఎట్లా చేస్తాడో! చివర్లో మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసి ఇచ్చాడు. తీసుకున్న డబ్బులు ఆ పనితనానికి చాలా తక్కువ, నేను ఇంకొంచెం ఇస్తే వద్దన్నాడు.

కార్బన్ బ్రష్‌లు సరిగ్గా ఆ సైజువి దొరకలేదు, కొంచెం పెద్దవి తెచ్చి అరగదీసుకోవడమే. వాటి మూతికి కమ్యుటేటర్ వంపు రావాలంటే సన్నటి శాండ్‌పేపర్ని గరుకు వైపు బ్రష్‌కి తగిలేట్టు కమ్యుటేటర్ మీద చుట్టి అటూ ఇటూ ఆడించాలి. ఎమరీ మాత్రం వాడొద్దు, దాని పొడి పలకల సందుల్లో ఇరుక్కుంటుంది. బేరింగుల్లో గ్రీజు గట్టిపడి మైనం అయిపోయింది, కిరోసిన్‌లో కడిగి చూస్తే ఒకటి గరగరమంటోంది, దాని మీదున్న నంబరు చెప్తే రాణిగంజ్‌లోనే ఇచ్చేశారు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన సంగతి చెప్తా. ఈ మెషిన్‌లో దుమ్ము నేరుగా ఫ్యాన్ గుండా పోయి సంచిలో పడుతుంది. ఇప్పటి వాటిల్లో ముందు సంచి లేదా డబ్బా, ఆ వెనక ఫిల్టర్, ఆ తర్వాత మోటారు. మధ్యలో పైపు పొడుగు, గాలి ఆ అడ్డంకులన్నీ దాటాలి, అందుకే వెయ్యి, పదిహేను వందల వాట్లు కావాలి. దీంట్లో దారి జానెడు. అందుకే ప్లేటు మీద వాట్ల అంకె చాలా చిన్నదైనా గాలి దండిగా తోస్తుంది. దానికి తోడు కింద తిరిగే రోలర్, దాని మీద కుచ్చు బ్రష్‌లతో పాటు గట్టి కడ్డీలు ఉంటాయి, అవి కార్పెట్‌ని దబదబ కొడతాయి. ఈ కొట్టే కడ్డీల ఐడియా హూవర్ వాళ్ళు 1926లో తెచ్చారు. బాల్కనీ గోడ మీద పరుపు వేసి అమ్మ కర్రతో బాదేది గుర్తుందా, అదే పని. పీల్చడం ఒక్కటే అయితే పైదుమ్ము వస్తుంది, కొడితేనే అడుగున దిగిన ఇసుక పైకి లేస్తుంది. కాకపోతే ఫ్యాన్ గుండా పోతుంది కాబట్టి మేకులు, చిల్లర పైసలు ముందే ఏరేయాలి, లేకపోతే రెక్క విరుగుతుంది. నా దాంట్లో ఒక రెక్క కొసన చిన్న పెచ్చు పోయింది, అయినా ఊగడం లేదు కాబట్టి అట్లాగే ఉంచా.

రోలర్ బయటికి తీసి జుట్టంతా బ్లేడుతో కోసి పీకేశా. బ్రష్ అరిగిందో లేదో చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది, మెషిన్ మూతికి అడ్డంగా స్కేలు పెట్టి రోలర్ని చేత్తో తిప్పాలి, కుచ్చు స్కేలుకి తగలాలి. నా దాంట్లో అంచుల దగ్గర తగుల్తోంది, మధ్యలో తగలడం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకో, చివర్లో నీతో పనుంది.

సంచి కుట్టించడం మాత్రం మస్తు తిప్పలైంది. చిక్కడపల్లిలో మన పాత టైలర్ దగ్గరికే పోయా, రెక్సిన్‌తో కుడదాం సార్, దుమ్ము బయటికి రాదు, తుడిస్తే పోతుంది అన్నాడు. దుమ్ము రాదు నిజమే, గాలి కూడా రాదు కదా! గాలి బయటికి పోకపోతే లోపలికి ఏం పీలుస్తుంది? సంచే దీనికి ఫిల్టర్ అని అర్థమయ్యేదాకా చెప్పా. చివరికి దగ్గర నేత కాటన్ ట్విల్ తెచ్చి, నోటికి అడ్డం పెట్టుకుని ఊది చూసి, గాలి కొంచెం కష్టంగా దాటేది ఎంచుకున్నాం. పాత సంచి కుట్లు విప్పి, ఇస్త్రీ చేసి, దాన్నే కొలతగా పెట్టి కుట్టాడు. లోపలి కుట్టు మడత పెట్టి రెండు వరసలు వేశాడు, నేను అడక్కుండానే. ఫస్ట్ క్లాస్‌గా వచ్చింది.

రంగు వేయలేదు. అందరూ అదే అడుగుతున్నారు, స్ప్రే పెయింట్ కొట్టిస్తే కొత్తదాన్లా ఉంటుంది కదా అని. నాకు ఇష్టం లేదు రా. పిడి దగ్గర ఒకచోట ఎవరిదో చెయ్యి పట్టీ పట్టీ రంగు పోయి నున్నగా అయింది, ఆ బంగళాలో ఎవరో రోజూ దీన్ని తోసినట్టు అక్కడ కనబడుతుంది. దాని మీద రంగు ఎట్లా కొడతా? సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, మెరిసే భాగాలకి బ్రాసో రాసి, తుప్పు ఉన్నచోట గీకి నూనె పట్టించా, అంతే.

ఆన్ చేసిన రోజు నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. హాల్లో అత్తగారిచ్చిన ఉన్ని కాలీన్ ఉంది కదా, దాన్ని ముందు మా మామూలు వాక్యూమ్‌తో శుభ్రంగా లాగేసి, తర్వాత దీన్ని తోశా. మోటారు సన్నగా పాడుతుంది, కింద రోలర్ డుబడుబమంటుంది, సంచి నిదానంగా ఉబ్బి నిలబడుతుంది. ఆపి సంచి పేపర్ మీద దులిపితే సన్నటి ఇసుక, ముగ్గు పిండి అంత మెత్తనిది, గుప్పెడు పైనే! అప్పటికే తుడిచిన కాలీన్ నుంచి. నాన్న వేళ్ళతో నలిపి చూసి, ఇన్నాళ్ళూ దీని మీదే పడుకున్నామా అన్నాడు. అన్నట్టు ఇది ఉన్ని కార్పెట్లకే, మన వరంగల్ జంపఖానా మీద పెడితే పల్చగా ఉండి మూతికి అతుక్కుని పైకి లేస్తుంది, దానికి చీపురే మంచిది. గ్రానైట్ నేలకీ ఇది పనికిరాదు. ఉన్న ఒక్క పనిని మాత్రం దీనంత బాగా చేసేది మా ఇంట్లో ఇంకోటి లేదు.

నువ్వడిగిన దానికి జవాబు ఇదే మధూ. దీన్ని చేసినోళ్ళు విప్పడానికే చేశారు. అన్నీ మామూలు స్క్రూలే, అతికించింది ఏదీ లేదు, ఒక్క స్క్రూడ్రైవర్‌తో చివరిదాకా పోవచ్చు. దాన్ని విప్పి బాగుచేసే చేతులు మన ఊళ్ళో ఇంకా ఉన్నాయి, రాణిగంజ్‌లో, ట్రూప్ బజార్లో, చిక్కడపల్లిలో. కొత్తది కొంటే నాకు ఆ ఉస్తాద్ పని ఎప్పుడు కనబడేది చెప్పు.

ఇప్పుడు నీతో పని. మోటారు నుంచి రోలర్‌ని తిప్పే బెల్టు ఇక్కడ దొరికినదాన్నే వేశా గానీ కొంచెం బిగుతుగా ఉంది, బిగుతు బెల్టు బేరింగుల్ని తినేస్తుంది. మీ దగ్గర హూవర్ జూనియర్ బెల్టు అంటే ఇప్పటికీ దొరుకుతుంది, ఒక నాలుగు తీసుకో. రోలర్‌కి బ్రష్ కుచ్చులు విడిగా దొరికితే ఒక జత తీసుకో, దొరక్కపోతే మొత్తం రోలరే పట్టుకురా. కొనేముందు వాట్సాప్‌లో ఫోటో పెట్టు, నేను పొడుగు కొలిచి చెప్తా. పెరివేల్ వైపు పోతే ఆ బిల్డింగ్ గుమ్మం ఫోటో కూడా తియ్, చుట్టూ రంగురంగుల పెంకులు అతికించి ఉంటాయంట, ప్రింట్ తీయించి మెషిన్ పక్కన గోడకి పెడతా. డబ్బులు ఇక్కడ మీ నాన్నగారికి ఇచ్చేస్తా, ఎట్లాగూ వచ్చే ఆదివారం మీ ఇంటికి పోతున్నా, మీ ముందుగదిలో ఎర్ర కార్పెట్ ఒకసారి దీంతో లాగాలని మీ అమ్మ ఇప్పటికే ఫోన్ చేసి చెప్పింది.

ఉంటా రా,
నీ సత్తి