తెర మీది బాణం గుర్తుకూ పేటెంటా?

సంపాదకులకు నమస్కారం.

సాఫ్ట్‌వేర్ పేటెంట్లు మన దేశంలోనూ విరివిగా ఇవ్వాలనేవారు అమెరికాలో ‘ఎక్సార్’ పేటెంట్ కథ ఒకసారి చూడాలి. కంప్యూటర్ తెరపై బాణం గుర్తు కదులుతుంటే కింద ఉన్న బొమ్మ చెరగకూడదు కదా. అందుకు ‘ఎక్సార్’ అనే చిన్న లెక్క ఉంది. కంప్యూటర్ బొమ్మను సున్నాలు, ఒకట్లుగా దాచుకుంటుంది; గుర్తు పడే చోట ఆ సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా తిప్పాలి. గుర్తు పక్కకు జరిగేటప్పుడు అదే పని మళ్లీ చేస్తే పాత బొమ్మ ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. అంతే!

ఇలాంటి పద్ధతికి అమెరికా 1980లో పేటెంట్ (నంబరు 41,97,590) ఇచ్చింది. అది క్యాడ్‌ట్రాక్ కంపెనీ చేతికొచ్చింది. ఇంజినీర్లు డ్రాయింగులు గీసుకునే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే ఆటోడెస్క్ కూడా లైసెన్సు కోసం 25,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. అంత కంపెనీకే తప్పకపోతే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు కలిసి పెట్టుకున్న స్టార్టప్ గతేమిటి? పోనీ పేటెంట్లతో కనిపెట్టినవారైనా బాగుపడతారా అంటే, మౌస్ సృష్టికర్త డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌కు 1970లో పేటెంట్ వచ్చినా రాయల్టీగా పైసా దక్కలేదు.

మన పేటెంట్ చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతులకు, అల్గారిదమ్‌లకు (ఒక పనిని అంచెలంచెలుగా చేసే పద్ధతులకు) పేటెంట్ ఇవ్వకూడదు. 2004 ఆర్డినెన్స్‌తో ఈ సెక్షన్‌ను సడలించబోతే 2005లో పార్లమెంటు ఆ మార్పును పక్కన పెట్టింది. ఇప్పుడు ‘టెక్నికల్ ఎఫెక్ట్’ (ప్రోగ్రాం వల్ల కలిగే సాంకేతిక ఫలితం) పేరుతో ఆ తలుపు మళ్లీ తెరుచుకుంటోంది. సాఫ్ట్‌వేర్ దరఖాస్తును ఆమోదించిన ప్రతిసారీ అది ఒట్టి లెక్క ఎందుకు కాదో పేటెంట్ ఆఫీసు అందరికీ అర్థమయ్యేలా రాసి బయటపెట్టాలి.

– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్