బండిలో అడ్డుపలక పెట్టించండి సార్

మున్సిపల్ కమిషనర్ గారికి,

తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండని మీ ఆటో మైకు రోజూ చెప్తుంది, మేమూ చేస్తున్నాం, తీరా బండి వచ్చాక రెండు బుట్టలూ ఒకే తొట్టిలో గుమ్మరిస్తుంటే ఇంకెవరికి ఓపిక ఉంటుంది చెప్పండి? ఇది కార్మికుల తప్పు కాదు. ఆ బండిలో రెండు అరలే లేవు.

ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం తడి, పొడి, ప్రమాదకర చెత్తను విడివిడిగా తీసుకోవాలి. సాంబారు తడిసిన అట్టపెట్టెను పాత సామాన్ల దుకాణం వాళ్ళు కూడా కొనరు కదా! కొత్త బండ్లు అడగడం లేదు, ఉన్నవాటికే మధ్యలో ఒక ఇనప రేకు వేయిస్తే చాలు. అదీ కుదరకపోతే పొడి చెత్తకు వారంలో రెండు రోజులు కేటాయించండి, దాచి ఉంచుతాం, అదేం కుళ్ళిపోదు.

ఇంకోటి. చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ళని వాచ్‌మన్లు తరిమేస్తున్నారు. వాళ్ళ పేర్లు నమోదు చేసుకుని ఈ పనిలో కలుపుకోమని ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఏ ప్లాస్టిక్ అమ్ముడవుతుందో, ఏది కాదో మన అందరికంటే వాళ్ళకే బాగా తెలుసు.

రేకు ఎప్పటికి వేయిస్తారో వార్డు సచివాలయం బోర్డు మీద తేదీ వేసి పెట్టించండి.

మీ వార్డు నివాసి